నర్మద పరిక్రమ: ఐదు నెలల నడక, ఒక్క పడవ

మా బావ ఎడమకాలి చెప్పు ఇప్పటికీ గుజరాత్ తీరంలో ఎక్కడో బురదలో ఉంది. కొత్తది, 1,100 రూపాయలు. ఆ కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

కార్తీక ఏకాదశి దాటాక ఓంకారేశ్వర్‌లో నర్మద పరిక్రమకి, అంటే నది చుట్టూ ప్రదక్షిణకి, సంకల్పం చెప్పుకుని, దక్షిణపు ఒడ్డున పడమటికి బయల్దేరాం. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి, మధ్యలో దాటకూడదు. నర్మద పొడవే 1,312 కిలోమీటర్లు. రెండు ఒడ్లకీ చుట్టుదారులు కూడా కలిపితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. బడవానీ దాకా చెప్పడానికేం లేదు. ఆశ్రమాల్లో పడక, ఖిచిడీ, టీ, అన్నీ ఉచితమే.

తర్వాత శూల్పాణి ఝాడీ అనే కొండల అడవి. ఒకప్పుడు ఇక్కడ భిల్లు గిరిజనులు యాత్రికులకి గోచీ ఒక్కటి మిగిల్చి అంతా దోచేసేవాళ్లట. ఈ కథలు విని బావ డబ్బంతా బనియన్‌లో కుట్టించుకుని వచ్చాడు. పాత ఒడ్డుదారి సర్దార్ సరోవర్ డ్యామ్ నీళ్లలో మునిగింది కాబట్టి కొండలెక్కి దిగాలి. రెండోరోజు సాయంత్రం బావ కాలు బెణికింది. ఓ భిల్లు ఇంటి పెద్దావిడ పిలిచి మంచం వాల్చింది. మొక్కజొన్న రొట్టె నిప్పులమీద కాల్చి, అంటిన బూడిద చేత్తో దులిపి పెట్టింది. పక్కన పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరిన కారం. మా అమ్మ రోటిపచ్చడి గుర్తొచ్చింది. పొద్దున 100 నోటు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. పిల్లలకని బిస్కెట్ ప్యాకెట్లు ఇస్తే మాత్రం తీసుకుంది. బనియన్ కుట్లు విప్పే అవసరమే రాలేదు.

సముద్రం దగ్గరే వచ్చింది గొడవ.

నది సముద్రంలో కలిసే చోట మాత్రం దక్షిణపు ఒడ్డు విమలేశ్వర్ నుంచి ఉత్తరపు ఒడ్డు మీఠీ తలాయీకి పడవలో దాటాలి. పోటు వస్తేనే పడవ కదిలేది. పేర్లు రాసుకునే మనిషి తలకు 200 అన్నాడు. మా నంబర్లు 31, 32. రెండు రాత్రులు రేకుల షెడ్డులో దోమలతో గడిపాక, బస్సులో పరిక్రమ చేసే గుంపొకటి దిగింది. మా పేర్లు కిందికి జారాయి. ఇదేమిటని అడిగితే, పోటు ఎవరికోసమూ ఆగదన్నాడు. చెరో 500 చేతిలో పెడితే అదే పోటుకి చోటు దొరికింది! రసీదు అడిగితే నవ్వాడు. పడవలో లైఫ్ జాకెట్లు ఐదే. అవి ఎవరికి దక్కాయో చెప్పక్కర్లేదు.

పడవ దాకా అర్ధరాత్రి మోకాలి లోతు బురదలో నడవాలి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకోమన్నాను. బావ వినలేదు. చెప్పు ఊడాక చీకట్లో వంగి వెతుకుతుంటే వెనకవాళ్లు తిట్లు. నాలుగు గంటల ప్రయాణం, డీజిల్ కంపు, వాంతులు. భరూచ్‌లో 120 పెట్టి హవాయి చెప్పులు కొనేదాకా బావ నాతో మాట్లాడలేదు, బురద నేను చేసినట్టు.

వెళ్లేవాళ్లకి నా మాట: విమలేశ్వర్‌కి పదిమంది కలిసి చేరండి. ఇద్దరే ఉంటే తోసేస్తారు. సంచి ఏడు కిలోలు దాటనివ్వకండి. జబల్‌పూర్‌లో మోజుపడి 900 పెట్టి తీసుకున్న గదికన్నా ఏ ఆశ్రమం వరండా అయినా నయం. గరుడేశ్వర్‌లో మాత్రం రెండు రోజులు ఆగండి. దత్త సంప్రదాయ గురువు టెంబే స్వామి సమాధి అక్కడే, మా పిఠాపురం వైపు దత్తభక్తులకి వేరే చెప్పాలా.

నర్మద పుట్టే అమరకంటక్ చుట్టి ఓంకారేశ్వర్ చేరేదాకా ఇంకే గొడవా లేదు. కుడికాలి చెప్పు పారెయ్యమంటే బావ వినలేదు. సంచికి కట్టుకుని ఇంటిదాకా తెచ్చాడు.