టీవీ కామెడీలో కెరీర్: స్కిట్ షోనా, సిట్‌కామా, సొంత సిరీసా? ఏది మేలు?

కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో రూమ్ తీసుకుని, బ్యాగులో నాలుగు కామెడీ స్క్రిప్టులతో తిరిగే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, స్కిట్ షోలో రైటర్‌గా చేరిపోనా? సిరీస్‌లు రాసేవాళ్ల దగ్గర పడి ఉండనా? యూట్యూబ్‌లో నేనే ఏదో ఒకటి మొదలుపెట్టనా?" దీని వెనకాలే ఇంకోటి ఉంటుంది. రైటర్‌గానే ఉండాలా, డైరెక్టర్ అవ్వాలా, డబ్బు పెట్టే దాకా పోవాలా అని. మన దగ్గర ఈ మూడు పనులకీ మధ్య గోడలు పెద్దగా లేవు కాబట్టి రెండు ప్రశ్నలూ కలిపే చూద్దాం. నా ఓటు సిట్‌కామ్ వైపే, అంటే అవే పాత్రలతో ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ నడిచే కామెడీ సీరియల్ వైపే, అని ముందే చెప్పేస్తున్నాను. అయితే స్కిట్ షోని తీసిపారేయడానికి లేదు.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక హైదరాబాద్‌లో స్కిట్ రాయడం అనేది ఒక ఉద్యోగం అయింది. అంతకుముందు దూరదర్శన్ రోజుల్లో ఆనందోబ్రహ్మతో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఇంటింటికీ తెలిశారు కానీ, అలాంటి అవకాశం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే దొరికేది. స్కిట్ షో తలుపు బాగా తెరిచింది. డిగ్రీ ఎక్కడ చదివావని అడిగేవాడు ఉండడు. రాత్రి రాసుకొచ్చిన సీన్ టీమ్ లీడర్‌కి నచ్చితే వచ్చే షూటింగ్‌కి మీరు టీమ్‌లో ఉంటారు. హైపర్ ఆది అలాగే అదిరే అభి టీమ్‌లో రాస్తూ వచ్చి, తర్వాత తనే టీమ్ లీడర్ అయ్యాడు. ఆటో రాంప్రసాద్‌కి ఇంటి పేరులా అతుక్కున్న ఆ 'ఆటో' కూడా తను రాసే పంచ్‌ల వల్ల వచ్చిందే.

అక్కడ నేర్చుకునేది కాలేజీలో దొరకదు. ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. అద్దె అడగడానికి ఓనర్ వచ్చాడు. అద్దెకున్నవాడు అంటాడు: "మీ ఇంటిని మా సొంతిల్లులా చూసుకుంటున్నాం సార్. సొంతింటికి ఎవడైనా అద్దె కడతాడా?" కాగితం మీద లైన్ బాగానే ఉంది. రిహార్సల్లో ఆర్టిస్టు హుషారుగా చివర "మీరే చెప్పండి" అని ఒక ముక్క కలుపుతాడు. అంతే, నవ్వు చచ్చిపోతుంది. జనం నవ్వడానికి నోరు తెరిచే సరికి ఇంకో మాట వచ్చి అడ్డం పడుతుంది, ఆ మాట వినడానికి నోరు మూసేస్తారు. నవ్వించే మాట లైన్ చివర్లోనే ఉండాలని, దాని తర్వాత గాలి కూడా ఆడకూడదని ఎదురుగా జనం ఉన్న సెట్‌లో ఒక్క పూటలో అర్థమైపోతుంది. గదిలో కూర్చుని రాసేవాడికి ఇది తెలియడానికి ఏళ్లు పడుతుంది.

మరి తిరకాసు ఎక్కడ? పేరు దగ్గర. జనం "ఫలానా వాడి స్కిట్ చూశావా" అంటారు, ఆ ఫలానా వాడు స్టేజీ మీద కనిపించినవాడు. రాసినవాడి పేరు చివర్లో పరుగెత్తే అక్షరాల్లో వస్తే వస్తుంది. ఆర్టిస్టు ఇంకో చానెల్‌కి వెళ్తే తన మొహాన్ని తనతో తీసుకెళ్తాడు, రైటర్ మళ్లీ మొదటి స్కిట్ నుంచి నిరూపించుకోవాలి. ఈ షోల నుంచి సినిమాకి దాటినవాళ్లని చూడండి. 2023లో బలగం తీసిన వేణు యెల్దండి మొదట్లో టీమ్ లీడర్. 2025లో 'అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి' సినిమా తీసిన నితిన్, భరత్ ఇద్దరూ షో డైరెక్టర్లు. ముందే జనానికో ఇండస్ట్రీకో తెలిసినవాళ్లు వీళ్లు. టీమ్‌లో మూడో రైటర్‌గానో నాలుగో రైటర్‌గానో ఉన్నవాడికి ఆ దారి అంత సులువుగా తెరుచుకోదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వారం వారం పది నిమిషాల్లో నవ్వించాలంటే దగ్గరి దారులు వెతుక్కుంటాం. లావుగా ఉన్నవాడు, పొట్టివాడు, ఆడ గెటప్ వేసినవాడు, భార్యని తిట్టే మొగుడు. ఇవి పేలుతున్నంత కాలం రాసేవాడి చెయ్యి అటే పోతుంది. తర్వాత మనుషుల గురించి రాయమంటే కలం కదలదు. నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం.

డైలీ సీరియల్లో కామెడీ ట్రాక్ రాయడం గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. రెగ్యులర్‌గా పని ఉంటుంది, రూమ్ రెంట్ గడుస్తుంది. గురువారం రేటింగ్స్ తగ్గితే ముందు ఎత్తేసేది ఆ ట్రాకునే.

ఇక సిట్‌కామ్. తెలుగులో దీని గురించి మాట్లాడాలంటే అమృతం దగ్గరికి రాక తప్పదు. 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా జెమిని టీవీలో ఆరేళ్లు, 300 పైచిలుకు ఎపిసోడ్లు. వెనకున్నది గుణ్ణం గంగరాజు. అంతకుముందే 1996లో లిటిల్ సోల్జర్స్ తీసిన మనిషి, టీవీని చిన్నచూపు చూడకుండా వచ్చి దీన్ని నిలబెట్టారు. మొదటి ఎపిసోడ్లు డైరెక్ట్ చేసిన చంద్రశేఖర్ యేలేటి ఆ తర్వాత 2003లో 'ఐతే' సినిమా తీశారు, ప్రొడ్యూసర్ మళ్లీ గంగరాజే. అమృతం పాత్ర వేసిన హర్షవర్ధన్ తర్వాత సినిమాలకి మాటలు రాశారు. ఒక్క కామెడీ సీరియల్ నుంచి ఇంతమంది ఇన్ని దారుల్లో వెళ్లారంటే అక్కడ పని నేర్పే వాతావరణం ఉన్నట్టే.

ఇక్కడ గమనించాల్సింది, అమృతంగా శివాజీ రాజా వేశారు, నరేశ్ వేశారు, హర్షవర్ధన్ వేశారు. మొహం మారినా సీరియల్ ఆగలేదు. స్కిట్ షోలో ఇది ఊహించగలమా? టీమ్ లీడర్ వెళ్లిపోతే టీమే ఉండదు. సిట్‌కామ్‌లో జనం పాత్రకి అలవాటు పడతారు, ఆ పాత్రని నడిపించేది రాసేవాడు.

ఇందాకటి ఓనర్ సీనే తీసుకోండి. స్కిట్‌లో ఆ సీన్‌కి పంచ్ కావాలి. సిట్‌కామ్‌లో పదో వారానికి ఆ ఓనర్ ఎంత పీనాసో, అద్దెకున్నవాళ్లు ఎంత భయస్థులో మనకి తెలిసిపోయి ఉంటుంది. గేటు చప్పుడు వినపడగానే ఒకడు టీవీ సౌండ్ తగ్గిస్తాడు, ఇంకొకడు ఫ్యాన్ ఆపేసి ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. ఒక్క డైలాగ్ లేకుండానే ఇంట్లో అందరూ నవ్వుతారు. అమృతంలో ఇంటి ఓనర్ అప్పాజీ రాగానే మనకి నవ్వు మొదలయ్యేది ఇందుకే. ఇలా రాయడం అలవాటైనవాడు సిరీస్ రాయగలడు, సినిమా రాయగలడు, డైరెక్షన్ కూడా చేయగలడు, ఎందుకంటే సీన్ ఎవరి మీద నడుస్తోందో వాడికి తెలుసు.

"అన్నా, ఇప్పుడు టీవీలో సిట్‌కామ్‌లు ఎక్కడున్నాయి?" అంటారు. నిజమే, అది ఓటీటీకి మారింది. 2023లో హాట్‌స్టార్‌లో సేవ్ ద టైగర్స్, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో 90స్ వచ్చాయి. 90స్ డైరెక్టర్ ఆదిత్య హాసన్ ఆ మరుసటి ఏడాదే లిటిల్ హార్ట్స్ సినిమాకి ప్రొడ్యూసర్. ఆ సినిమా హీరో మౌళి యూట్యూబ్ నుంచి వచ్చి 90స్‌లో నటించిన కుర్రాడు. మధ్యతరగతి ఇంటి ఉప్మాతో, మార్కుల గొడవతో రాసుకున్న ఒక సిరీస్ డైరెక్టర్‌ని ప్రొడ్యూసర్ చేసింది, యూట్యూబర్‌ని హీరో చేసింది.

అలాగని ముందే ప్రొడ్యూసర్ అయిపోదామనుకోకండి. మూడింటిలో నేను చివరికి నెట్టేది అదే. ఒకప్పుడు నిర్మాత చానెల్లో స్లాట్, అంటే ప్రోగ్రాం వేసే టైమ్, కొనుక్కుని, యాడ్స్ తనే అమ్ముకునేవాడు. అవి అమ్ముడుపోకపోతే నష్టం తనదే, కానీ ప్రోగ్రాం కూడా తనదిగా మిగిలే వీలుండేది. ఇప్పుడు ఎక్కువగా ఓటీటీ వాళ్లే డబ్బిచ్చి చేయిస్తారు, హక్కులు వాళ్లకే వెళ్తాయి. యూట్యూబ్‌లో అయితే హక్కులు మీవే, ఖర్చూ మీదే. ఒక్క రోజు షూటింగ్ అంటే కెమెరా, లైట్లు, ఆర్టిస్టుల పేమెంట్లు, బండి, రెండు పూటల భోజనాలు. జోకు పేలుతుందా లేదా అన్న టెన్షన్‌కి బిర్యానీ సరిపోతుందా లేదా అన్న టెన్షన్ తోడైతే రాత దెబ్బతింటుంది. వీడియో మీద వచ్చే యాడ్ డబ్బు దీనికి సరిపోవడం మొదట్లో కష్టం.

కాబట్టి ఇంటికి డబ్బు పంపాల్సిన పరిస్థితి ఉంటే స్కిట్ షోలో చేరండి. టైమింగ్ చేతికి వచ్చేదాకా ఉండండి, అక్కడే పాతుకుపోకండి. మీరే నటించగలిగితే ఇంకా మంచిది, మొహం తెలిస్తే పేరు దానంతట అదే తెలుస్తుంది. ఇంట్లో ఒత్తిడి లేకపోతే మాత్రం డబ్బు తక్కువైనా సరే సిరీస్ రాసే టీమ్‌లో కూర్చోండి. అక్కడి నుంచి ఎపిసోడ్ డైరెక్షన్ అడగండి. కామెడీలో రాసినవాడే తీస్తే బాగుంటుందని నా గట్టి నమ్మకం. ఇందాకటి "మీరే చెప్పండి" లాంటి ముక్కని సెట్‌లో ఆపగలిగేది ఆ లైన్ రాసినవాడే.

ఎటు వెళ్లినా, కథ వినిపించడానికి పోయే ముందు రచయితల సంఘంలో స్క్రిప్ట్ రిజిస్టర్ చేయించండి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో రచయిత రాయల్టీ హక్కుకి కొంత బలం వచ్చింది, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు ఆ ముక్క ఒకసారి లాయర్‌తో చదివించుకోండి. టైటిల్స్‌లో మీ పేరు ఏ హోదాతో, ఎక్కడ పడుతుందో అడ్వాన్స్ తీసుకునే రోజే రాయించుకోండి. షూటింగ్ మొదలయ్యాక ఆ మాట ఎత్తితే "చూద్దాంలే బ్రదర్" అంటారు.