ఆరేళ్లలో నాలుగు రకాల ఎయిర్ ఫిల్టర్లు: నా డీజిల్ పికప్‌లో చివరికి ఏది నిలిచింది

ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే ఫ్యాను లాంటిది) వెళ్లే పైపు ఊడదీసి, లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడిచాను. గుడ్డ మీద లేత గోధుమరంగు చార పడింది. ఆ పైపు ఫిల్టర్ దాటిన తర్వాత ఉండేది. అక్కడ దుమ్ము అనేదే ఉండకూడదు. అప్పటికి పద్నాలుగు నెలలుగా ఒక ఖరీదైన ఫిల్టర్‌ను ఎంతో నమ్మకంగా వాడుతున్నాను. ఆ చార చూశాక చాలా బాధేసింది. ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నది కూడా అప్పటి నుంచే.

నాది టర్బో డీజిల్ పికప్. ఆరేళ్లలో 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో మూడో వంతు మట్టిరోడ్ల మీద, తరచుగా వెనక లోడుతో. ఈ కాలంలో కంపెనీ కాగితం ఫిల్టర్, అదే డబ్బాలో పట్టే నూనె కాటన్ ఫిల్టర్, డబ్బా మొత్తం తీసేసి పెట్టే ఓపెన్ ఇన్‌టేక్ కిట్, చివరగా నూనె అక్కర్లేని డ్రై సింథటిక్ ఫిల్టర్ వాడాను.

ఫిల్టర్ మీద ఎంత భారం ఉంటుందో చాలామంది ఊహించరు. లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే లెక్క ప్రకారమే దాదాపు పది వేల లీటర్ల గాలి కావాలి. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ అవసరానికి మించి గాలి పీలుస్తుంది కాబట్టి నిజంగా లోపలికి వెళ్లేది ఇంకా ఎక్కువ. ఒక ట్యాంకు అయిపోయేసరికి ఎన్ని లక్షల లీటర్లో మీరే లెక్కేసుకోండి. మట్టిరోడ్డు మీద ఆ గాలి నిండా ఇసుక రేణువులే. పిస్టన్ రింగులను, బేరింగులను ఎక్కువగా అరగదీసేది 5 నుంచి 20 మైక్రాన్ల దుమ్ము. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఇంజన్‌ను తినేసే దుమ్ము విడి రేణువుగా మన కంటికి ఆనదు.

కంపెనీ కాగితం ఫిల్టర్‌తో మొదటి 40,000 కిలోమీటర్లు ఏ ఇబ్బందీ రాలేదు. నేనే ఒక పొరపాటు చేసేవాణ్ని. రెండు వారాలకోసారి బయటికి తీసి, నేలకేసి తట్టి, ఎయిర్ గన్‌తో ఊది మళ్లీ పెట్టేవాణ్ని. శుభ్రంగా ఉంచుతున్నాననే అనుకున్నాను. కానీ కాగితం ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పటి కంటే, దాని మీద పలచగా దుమ్ము పొర పట్టాకే ఇంకా బాగా వడకడుతుంది. ఆ పొరే రెండో జల్లెడలా పనిచేస్తుంది. ఎయిర్ గన్ గాలి ఆ పొరను పోగొట్టడమే కాదు, కాగితానికి కంటికి కనిపించని చీలికలు కూడా తేగలదు. పైగా డబ్బా తెరిచిన ప్రతిసారీ కొంచెం దుమ్ము శుభ్రమైన వైపు రాలే అవకాశం ఉంటుంది.

తర్వాత నూనె కాటన్‌కు మారాను. ఈ రకాన్ని జనంలోకి బాగా తీసుకెళ్లినది 1969లో అమెరికాలో మొదలైన కే అండ్ ఎన్. నేను కొన్నది వేరే కంపెనీది, పేరు ఇక్కడ అవసరం లేదు. కాటన్ గాజుగుడ్డ పొరలకు జిగట నూనె పట్టించి, అటూ ఇటూ వైరు మెష్ పెడతారు. దుమ్ము నూనెకు అంటుకుని ఆగాలి. కడిగి మళ్లీ వాడుకోవచ్చు, ఏళ్ల తరబడి వస్తుంది. నన్ను ఆకర్షించింది ఆ మాటే. యాక్సిలరేటర్ తొక్కితే టర్బో ఈల కొంచెం గట్టిగా వినిపించింది, దాంతో బండి చురుగ్గా మారిందనిపించింది. తర్వాత అదే ఎత్తు మీద, అంతే లోడుతో కాగితం ఫిల్టర్ పెట్టి టైమ్ చూస్తే తేడా ఏమీ లేదు.

దీని అసలు కష్టం కడగడంలో ఉంది. క్లీనర్ చల్లి నాననివ్వాలి. శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు, ధార గట్టిగా లేని చన్నీళ్లతో కడగాలి. గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. హీటర్ ముందు పెట్టకూడదు, ఎయిర్ గన్ వాడకూడదు. ఆరాక మడత మడతకూ పలచగా నూనె పట్టించి, అది పాకేదాకా ఆగాలి. మొదటిసారి బాగానే చేశాను. రెండోసారి మట్టిరోడ్డు పని ఎక్కువగా ఉందని నూనె కాస్త ఉదారంగా కొట్టాను. వారం తిరగకుండా బండి ఎత్తు ఎక్కలేక ఈడ్చడం మొదలైంది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పీ0101 కోడ్ వచ్చింది, అంటే ఎయిర్ ఫ్లో సెన్సర్ చెప్పే గాలి కొలత తేడాగా ఉందని. నా మెకానిక్ ఎయిర్ ఫ్లో సెన్సర్ తీసి చూపించి, "అన్నా, నూనె ఇక్కడిదాకా వచ్చింది చూడండి. లోపలికి వెళ్తున్న గాలిని ఇది తక్కువ చూపిస్తోంది, కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తోంది" అన్నాడు. సెన్సర్ కోసమే దొరికే స్ప్రేతో కడిగాక మామూలైంది. ఇందులో తప్పు నాదే. కానీ చేతిలో కొంచెం తేడా వస్తే ఇంత దూరం వెళ్లే వస్తువు, పని కోసం తిప్పే బండికి సరిపోతుందా అన్న టెన్షన్ మొదలైంది.

తెల్ల గుడ్డ మీద చార పడింది ఆ తర్వాతే. తప్పంతా కాటన్‌దే అని వెంటనే తేల్చేయలేదు. ఫిల్టర్ రబ్బరు అంచుకు పలచగా గ్రీజు రాసి, 500 కిలోమీటర్లు తిప్పి తెరిచాను. ఒక మూల గ్రీజు మీద అడ్డంగా దుమ్ము దారి కనిపించింది. అక్కడ ఫ్రేము కంపెనీ ఫిల్టర్ కంటే కొద్దిగా పలచన, డబ్బా మూత దాన్ని గట్టిగా నొక్కడం లేదు. అంటే కొంత గాలి వడకట్టకుండానే లోపలికి పోతోంది. అంచు సరిచేశాక చార బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఇంజన్ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపితే, మట్టి దుమ్ములో ఉండే సిలికాన్ కాగితం ఫిల్టర్ వాడిన రోజులకంటే ఎక్కువగానే వచ్చింది. సిలికాన్ గాస్కెట్ సీలెంట్ నుంచి కూడా వస్తుంది, కానీ ఆ మధ్య ఇంజన్ విప్పిందే లేదు. ఫిల్టర్ కొనేవాళ్లు మడతల కంటే ముందు అంచు చూడండి. ఎంత మంచి వడపోతైనా పక్కనుంచి వెళ్లే గాలిని ఆపలేదు.

ఓపెన్ ఇన్‌టేక్ కిట్ గురించి ఎక్కువ రాయడానికేమీ లేదు. తొమ్మిది నెలలు వాడి తీసేశాను. శబ్దం మాత్రం నిజంగా బాగుంటుంది. కోను ఆకారపు ఫిల్టర్ పెద్దది కాబట్టి తొందరగా మూసుకుపోదు. కానీ బోనెట్ కింద, ఇంజన్ పక్కనే కూర్చుంటే అది పీల్చేది వేడి గాలే. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ. ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదులుతున్నప్పుడు ఇన్‌టేక్ ఉష్ణోగ్రత బయటి కంటే 20 డిగ్రీలు ఎక్కువ చూపించేది. టర్బో తర్వాత గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కొంత సర్దుతుంది, అయినా చల్లటి గాలి పేరుతో కొన్న కిట్టు వేడి గాలి అందించడం నాకు నచ్చలేదు. కంపెనీ పైపు ఫెండర్ వైపు నుంచి బయటి గాలినే తీసుకునేలా ముందే పెట్టి ఉందని అప్పుడు గమనించాను. సెన్సర్ కూర్చునే చోట పైపు వ్యాసం మారితే గాలి లెక్క కూడా తప్పుతుంది. ఫిల్టర్‌ను బాగా కిందికి దించే కిట్లయితే నిలిచిన నీళ్లలోకి బండి దింపినప్పుడు ఇంజన్ నీరు పీల్చే ప్రమాదం ఉంది. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తే పిస్టన్‌కు ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. కిట్టే కావాలనుకుంటే గట్టిగా మూసుకునే డబ్బాతో, సెన్సర్ చోట కంపెనీ కొలతతో వచ్చేదే చూసుకోండి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది రిస్ట్రిక్షన్ గేజ్ అనే చిన్న ప్లాస్టిక్ వస్తువు. ఫిల్టర్ తర్వాత పైపుకు బిగిస్తే, గాలి లాగడానికి ఇంజన్ ఎంత కష్టపడుతోందో చూపిస్తుంది. పెద్ద డీజిళ్లలో చాలావాటికి 25 అంగుళాల నీటి పీడనం, అంటే సుమారు 6.2 కిలోపాస్కల్స్, మార్చాల్సిన హద్దు. మీ బండి హద్దు మాన్యువల్ చూసి తెలుసుకోండి. కొత్త కాగితం ఫిల్టర్‌తో నిండు లోడుతో ఎత్తు ఎక్కినా నా గేజ్ హద్దులో సగం కూడా చేరలేదు. అంటే కాగితం నా ఇంజన్‌కు ఊపిరి ఆడనివ్వకపోవడం అనేదే లేదు. ఇక ఫిల్టర్ మార్చితే పవర్ ఎక్కడి నుంచి పెరుగుతుంది? ట్యూనింగ్‌తో పవర్ బాగా పెంచిన బండి సంగతి వేరు. అక్కడ గేజ్ నిజంగానే హద్దు దాటితే పెద్ద ఇన్‌టేక్‌కు అర్థం ఉంటుంది.

మైలేజీ పెరుగుతుందనే ప్రచారాన్ని కూడా నమ్మొద్దు. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లలో ఫిల్టర్లను కావాలనే మూసి పరీక్షించింది. మైలేజీ పెద్దగా మారలేదు, వేగం పుంజుకోవడమే మందగించింది. నా డీజిల్ బిల్లులు ఆరేళ్లవీ దాచాను. ఫిల్టర్ మారిన ఏ నెలలోనూ తేడా పట్టుకోలేకపోయాను.

డ్రై సింథటిక్ ఫిల్టర్ రెండేళ్లుగా నా దగ్గర ఉంది. నూనె బాధ లేదు, సెన్సర్ గురించి దిగులు లేదు. అంచు రబ్బరు మందంగా ఉంది, గ్రీజు పరీక్షలో ఏ మూలా దుమ్ము దారి కనిపించలేదు. కొనేముందు ఐఎస్ఓ 5011 (ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం) పరీక్ష ఫలితం ఉందా, ఏ దుమ్ముతో చేశారు, సన్నదా ముతకదా అని చూశాను. ముతక దుమ్ముతో చేస్తే ఏ ఫిల్టరైనా మంచి అంకె చూపిస్తుంది. ఆ శాతాన్ని తిరగేసి చదవాలి. 99.5 శాతం ఆపేదీ 97 శాతం ఆపేదీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. లోపలికి వదిలేది లెక్కేస్తే ఒకటి 0.5, ఇంకొకటి 3, ఆరు రెట్లు.

ఇప్పుడు మట్టిరోడ్డు పని ఎక్కువగా ఉండే నెలల్లో కంపెనీ కాగితం ఫిల్టర్ పెడుతున్నాను, గేజ్ చెప్పేదాకా డబ్బా తెరవను. మిగతా నెలల్లో డ్రై ఫిల్టర్. పోయిన నెల పైపు ఊడదీసి తుడిస్తే తెల్ల గుడ్డ తెల్లగానే వచ్చింది. అదే రోజు టర్బో మూతి దగ్గర టార్చి వేసి చూశాను. రెక్కల అంచులు కొంచెం మొద్దుబారి ఉన్నాయి. దుమ్ము తగిలితే అలాగే అరుగుతాయి. ఆ పద్నాలుగు నెలల్లోనే అరిగాయని రుజువు లేదు కానీ, నాకున్న అనుమానం మాత్రం వాటి మీదే. బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, ఇంకా మామూలుగానే వస్తోంది. ఆరు నెలలకోసారి టార్చి వేసి చూస్తున్నాను.