ఆరున్నర వేల ట్రైపాడ్, ఇరవై సెకన్ల షట్టర్

రాత్రిపూట నగర రహదారుల మీద వాహనాల దీపాలు ఎర్రటి, తెల్లటి గీతలుగా సాగిపోయే ఫొటోలు తీయడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. కెమెరాలోకి వెలుగును వదిలే షట్టర్‌ను 10 నుంచి 30 సెకన్ల దాకా తెరిచి ఉంచగలిగితే పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయినా, దానితో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్ అయినా సరిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 20 సెకన్లలో 220 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది కనుక, ఫ్రేమ్‌లో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత గీయడానికి ఆ సమయం చాలు. అయితే ఆ 20 సెకన్లూ కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అందుకే ఈ తరహా ఫొటోల్లో లెన్స్ కన్నా ముందు మాట్లాడుకోవలసింది కెమెరాను నిలబెట్టే ముక్కాలి స్టాండ్, అంటే ట్రైపాడ్ గురించి. నేను ఎనిమిది నెలలుగా వాడుతున్న ట్రైపాడ్ గుణదోషాలే ఈ సమీక్ష.

దీన్ని హైదరాబాద్ కోఠిలో 6,500 రూపాయలకు కొన్నాను. అల్యూమినియంతో చేసినది, బరువు దాదాపు కిలోన్నర; ఒక్కో కాలిలో ఐదు భాగాలు ఉండటం వల్ల మడిస్తే మూరెడు పొడవుకు వచ్చి వీపు సంచిలో ఇమిడిపోతుంది. తయారీదారు పేరు రాయడం లేదు. అచ్చు గుద్దినట్టు ఇలాగే ఉన్నవి ఆ దుకాణంలోనే మరో రెండు పేర్లతో కనిపించాయి కాబట్టి, పేరు కన్నా ఆ నిర్మాణంలోని మంచిచెడ్డలు తెలియడమే కొనేవారికి ఉపయోగం. “ఎనిమిది కిలోలు మోస్తది సార్, మీ కెమెరా కిలో కూడా ఉండదు” అని దుకాణదారు భరోసా ఇచ్చారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు గానీ, మోయడం వేరు, కదలకుండా నిలబడటం వేరు. పెట్టె మీద రాసే బరువు మొదటిదాని గురించే చెబుతుంది.

మొదట ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టి చూశాను. సూర్యాస్తమయం తరువాత ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండే ఇరవై, ముప్పై నిమిషాలే ఈ ఫొటోలకు తగిన వేళ. పూర్తిగా చీకటి పడితే ఆకాశం నల్లటి గోడలా వస్తుంది. ఐఎస్‌ఓ 100 (వెలుగును గ్రహించే గుణం తక్కువగా), ఎఫ్/11 (లెన్స్ రంధ్రం చిన్నదిగా), షట్టర్ 20 సెకన్లు పెట్టి, కెమెరాను ముట్టుకోకుండా షట్టర్ నొక్కే తీగ మీట, అంటే కేబుల్ రిలీజ్‌తో తీశాను. ఐదు భాగాలూ లాగి, నడుమ ఉండే కాలమ్ కూడా పైకెత్తి తీసిన మొదటి ఫ్రేమ్‌లో, హుస్సేన్‌సాగర్ మీదుగా వచ్చిన గాలికి వీధి దీపాలన్నీ రెండేసిగా కనిపించాయి. చిట్టచివరి భాగం చిటికెన వేలంత సన్నంగా ఉండటమే అందుకు కారణం. ఆ భాగాన్ని లోపలికి తోసేసి, కాలమ్‌ను దించి, కెమెరాను ఛాతీ ఎత్తుకు తెచ్చాక అదే గాలిలో హోర్డింగుల మీది అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా వచ్చాయి. కాలమ్ కింద ఉన్న కొక్కేనికి సంచి తగిలిస్తే బిగువు వస్తుందని అందరూ చెబుతారు. గాలిలో ఆ సంచి గంటలా ఊగి మరింత చేటు చేసింది. సంచి అడుగు నేలకు ఆనేటట్టు తగిలించినప్పుడే ఫలితం కనిపించింది.

రెండో పరీక్ష రద్దీగా ఉండే కూడలి దగ్గర, ఉక్కుతో కట్టిన ఒక పాదచారుల వంతెన మీద జరిగింది. మన దేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక, రోడ్డుకు నడిమధ్యన పైనుంచి చూస్తే ఎడమ పక్క దూరంగా పోయే ఎర్ర దీపాల పాయ, కుడి పక్క ఎదురొచ్చే తెల్ల దీపాల పాయ విడివిడిగా పారుతుంటాయి. బస్సుల దీపాలు ఎత్తులో ఉండటంతో కార్ల గీతలకు పైన మరో వరుస ఏర్పడుతుంది. ఆటో ఇండికేటర్ వేసి మలుపు తిరిగితే పసుపు చుక్కల గీత పడుతుంది. ఇంత చక్కటి చోట నా ఫొటోల్లో బస్సు గీతకు సగం దారిలో పాము మెలికలాంటి వంకర వచ్చింది. నా వెనకగా ఎవరో పరుగులాంటి నడకతో వెళ్లినప్పుడు వంతెనే అదిరింది. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు గచ్చు మీదైనా నిలుస్తుంది గానీ, గచ్చే ఊగితే అదేం చేయగలదు? ఈ తప్పును ట్రైపాడ్ ఖాతాలో వేయలేను. లక్ష రూపాయల కార్బన్ ఫైబర్ పెట్టినా ఇంతే. అక్కడ నాకు పనికొచ్చిన ఉపాయం 20 సెకన్లను నాలుగేసి సెకన్ల ఫ్రేములుగా విడగొట్టి వరుసగా తీయడం, అదిరినవి తీసేసి మిగిలినవాటిని కంప్యూటర్‌లో లైటెన్ పద్ధతిలో, అంటే ప్రతి చోటా అన్నిటికన్నా వెలుగైనదాన్నే నిలుపుతూ కలపడం. గీతల వెలుగు మసకబారదు గానీ భవనాలు చీకటిగా మిగిలిపోతాయి కాబట్టి, వాటికోసం జనం లేని క్షణం చూసి ఒక్క పొడవాటి ఫ్రేమ్ విడిగా తీసుకోవలసి వచ్చింది.

ఇక ట్రైపాడ్ సొంత లోపం దాని తలలో, అంటే కెమెరాను ఏ వైపుకైనా తిప్పి బిగించే బంతి కీలు అయిన బాల్‌హెడ్‌లో ఉంది. మర ఎంత బిగించినా, చేయి తీసేయగానే కెమెరా ముక్కు కొద్దిగా కిందికి వాలుతుంది. అంతటితో ఆగితే, ముందే కాస్త పైకి పెట్టి సర్దుకోవచ్చు. బరువైన జూమ్ లెన్స్ తగిలించినప్పుడు మాత్రం ఆ వాలడం ఆగకుండా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. 30 సెకన్ల ఫ్రేమ్‌లో వీధి దీపాలు చుక్కలుగా కాక నిలువుగా సాగిన గోధుమ గింజల్లా వచ్చేసరికి నాకు విషయం అర్థమైంది. గాలికి వచ్చే చెదురు ఇలా కిందికి మాత్రమే సాగదు, అటూ ఇటూ ఊగినట్టు ఉంటుంది. ఏ ట్రైపాడ్ కొన్నా ఇంట్లోనే ఈ పరీక్ష చేయవచ్చు: గోడ గడియారం మీదికి లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేసి బిగించి, కెమెరాను ముట్టుకోకుండా ఐదు నిమిషాల తేడాతో రెండు ఫొటోలు తీసి, అంకెలు ఉన్నచోటే ఉన్నాయేమో చూసుకోవాలి. నేను ఈ పని చేసేసరికి తిరిగి ఇచ్చే గడువు దాటిపోయింది. దుకాణానికి వెళితే, అందరి దగ్గరా ఇంతే ఉంటుందన్న సమాధానం దొరికింది.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. తిప్పి బిగించే కాళ్లలో దుమ్ము చేరి రెండుసార్లు కరకరలాడాయి, విప్పి తుడిస్తే సరిపోయింది. కెమెరా అడుగున బిగించే పలక చాలామంది వాడే ఆర్కా అనే కొలతలోనే ఉంది కాబట్టి మరో తల మార్చుకున్నా ఇబ్బంది రాదు. మట్టం చూసే నీటిబుడగ మాత్రం కెమెరా పెట్టాక దాని కిందే దాక్కుంటుంది, అలంకారం కోసం పెట్టారనుకోవాలి.

చివరికి 3,200 పెట్టి వేరే బాల్‌హెడ్ కొని ఇదే కాళ్ల మీద బిగించాను. మొత్తం ఖర్చు 9,700 అయింది. మొదటే కాళ్లు విడిగా, తల విడిగా కొనుక్కుని ఉంటే ఇంతకన్నా తక్కువలో తేలేది. కిట్ లెన్స్‌తో, ఫుట్‌పాత్ మీద నిలబడి, నాలుగు భాగాలే లాగి వాడుకునేవారికి ఈ ట్రైపాడ్ ఉన్నది ఉన్నట్టుగా చాలు. 200 ఎంఎం లెన్స్‌తో దూరపు ఫ్లైఓవర్‌ను పట్టాలనుకునేవారు మాత్రం తల మార్చక తప్పదు. తీసేసిన తలకు ఇప్పుడు ఫోన్ క్లిప్ బిగించి ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు వాడుతున్నాం. ఆ బరువుకు అది జారడం లేదు.