ఆరేళ్లుగా వాడుతున్న బయాస్ ప్రోబ్: నా అనుభవం

నాది ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ అనే ట్యూబ్ గిటార్ యాంప్. అందులో బయాస్ (ఏమీ వాయించనప్పుడు పవర్ ట్యూబుల గుండా పోయే కరెంటు) చూసుకోవడానికి కంపెనీ వాళ్లే లోపల టెస్ట్ పాయింట్ ఇచ్చారు. వెనక చెక్క విప్పి, మీటర్ పెట్టి, బోర్డు మీదున్న చిన్న పాట్ (సర్దుబాటు మర) తిప్పి 60 మిల్లీవోల్టులకు తెస్తే సరి. మళ్లీ ఒక్కో ట్యూబునీ విడిగా కొలిచే ప్రోబ్ ఎందుకు, డబ్బులు దండగ అనుకున్నాను.

ఒకసారి ట్యూబులు మార్పించాను. "మ్యాచ్‌డ్ పెయిర్ అన్నా, బయాస్ కూడా పెట్టేశా" అన్నాడు మార్చినతను. మ్యాచ్‌డ్ పెయిర్ అంటే రెండూ సమంగా కరెంటు లాగే జత. ఇంటికొచ్చి చూస్తే సరిగ్గా 60. కానీ వాల్యూమ్ సున్నాలో ఉన్నా గుయ్‌మని హమ్. ప్రోబ్ తెప్పించి రెండు ట్యూబుల కిందా పెడితే గుట్టు బయటపడింది: ఒకటి 21 మిల్లీయాంపులు, ఇంకోటి 39. టెస్ట్ పాయింట్ చూపించేది రెండింటి మొత్తమే మరి! ట్యూబులు అటుదిటు మార్చి చూశాను, అంకెలూ వాటితోపాటే మారాయి. అంటే సాకెట్ మంచిదే, జతే కుదరలేదు. హమ్ అందుకే.

ప్రోబ్‌లో పెద్ద విద్యేమీ లేదు. ట్యూబుకీ సాకెట్‌కీ మధ్య కూర్చుంటుంది. కాథోడ్ (ట్యూబులోంచి కరెంటు బయటికొచ్చే కొస) దారిలో 1 ఓమ్ రెసిస్టర్ ఉంటుంది కాబట్టి మీటర్‌లో ఎన్ని మిల్లీవోల్టులో అన్ని మిల్లీయాంపులు. నా యాంప్‌లో ప్లేట్ (ట్యూబుకి కరెంటు అందే కొస) వోల్టేజి 420 దాకా ఉంది. ఇందులోని 6ఎల్6 రకం ట్యూబు తట్టుకునేది 30 వాట్లు. అందులో 70 శాతం అని అందరూ చెప్పే లెక్కన (21 వాట్లను 420తో భాగిస్తే) ట్యూబుకి 50 మిల్లీయాంపులు రావాలి. నెల రోజులు అలాగే వాయించాను. వేడి తప్ప నా చెవికి దక్కిందేమీ లేదు. 30 దగ్గర మాత్రం లావు తీగ మీటి వదిలితే, మోత సన్నబడే చివర్లో జీర వినిపిస్తుంది. 36 దగ్గర అది పోతుంది. ఇక అక్కడే ఆపేశాను.

ఒక మాట, ముందు గోడ ప్లగ్గులో వోల్టేజి చూడండి. ఎండాకాలం సాయంత్రం మా వీధిలో ఏసీలన్నీ నడిచేటప్పుడు పెట్టిన అంకె అర్ధరాత్రి ఉండదు. ట్యూబులు వేడెక్కడానికి కూడా ఇరవై నిమిషాలు ఆగాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ యాంప్‌లో ట్యూబులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడతాయి. ప్రోబ్ పెడితే ఎత్తు పెరిగి పట్టి ఉంచే క్లిప్పులు అందవు, కాబట్టి యాంప్ కదపకూడదు. నాలుగో ఏడు వేడికి ఒక వైరు పెళుసెక్కితే మార్చుకున్నాను. అన్నిటికన్నా చికాకు, నేను కొన్న చవక రకం ప్లేట్ వోల్టేజి చూపించదు. అది విడిగా కొలుస్తుంటే మీటర్ మొన జారి పక్క పిన్నుకి తగిలింది. టప్‌మని ఫ్యూజు పోయింది, నా గుండె కూడా పోయినంత పనైంది. ఇప్పుడు పవర్ తీసేసి, కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగిపోయిందని మీటర్‌తో చూసుకున్నాకే మీటర్ క్లిప్పు తగిలిస్తాను. ఆన్ చేశాక, రెండు చేతుల మధ్య గుండె మీదుగా షాక్ కొట్టకుండా, ఎడమ చెయ్యి జేబులోనే.

వోక్స్ ఏసీ15 లాంటివి ఉన్నవాళ్లు ఇది కొనకండి. అది కాథోడ్ బయాస్ (బయాస్ తనంతట తానే కుదురుకునే రకం), తిప్పడానికి పాట్ అంటూ ఉండదు. దాని ఈఎల్84 ట్యూబుల సాకెట్‌కి ఈ ప్రోబ్ పట్టదు కూడా.

మొన్న వేసిన కొత్త జత 35, 37 చూపించింది. హమ్ లేదు.