న్యూమన్ కాగితాల వెంట: ఆక్స్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్, హావర్డెన్

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ క్రైస్తవ పండితుడు జాన్ హెన్రీ న్యూమన్ మీద పీహెచ్‌డీ అనగానే చాలామంది ముందు బర్మింగ్‌హామ్‌కి ప్రయాణం కట్టేస్తారు. ఆయన కాగితాలు, సొంత గ్రంథాలయం ఉన్నది అక్కడి ఒరేటరీలోనే (కాథలిక్ గురువుల నివాసం) కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ మీ ప్రశ్న ‘చరిత్ర ఆధారాలను ఆయన ఎలా వాడుకున్నారు’ అన్నదైతే మొదటి మజిలీ ఆక్స్‌ఫర్డ్ కావాలి. ఆయన ఏం రాశారో చూడటం రెండో పని. ఏ ముద్రణను ముందు పెట్టుకుని రాశారో తేల్చుకోవడం మొదటిది.

ఒక చిన్న ఉదాహరణ. 1859 జూలై ‘రాంబ్లర్’ పత్రికలో న్యూమన్ ఒక వ్యాసం రాశారు. క్రీస్తు తండ్రితో సమానమైన దేవుడు కాదన్న ఏరియస్ బోధ మీద నాలుగో శతాబ్దంలో రేగిన ఏరియన్ వివాదంలో బిషప్పులు తడబడినా మామూలు విశ్వాసులు నిలబడ్డారన్నది అందులో వాదన. అందుకు ఊరూరా సాక్ష్యాలు పేర్చుకుంటూ వెళ్తారు. సమోసాతా నగరం దగ్గర, ఐదో శతాబ్దపు రచయిత థియోడొరెట్ రాసిన సభా చరిత్రలోని ఒక ముచ్చట వస్తుంది: ఏరియన్ బిషప్పు స్నానశాలకు వెళ్తే, ఆయన మునిగిన నీళ్లు ముట్టుకోకుండా జనం వాటిని పారబోయించారట. దీన్ని మూలంతో పోల్చబోతే చిక్కు మొదలవుతుంది. ఒక ముద్రణలో ఇది నాలుగో పుస్తకం 15వ అధ్యాయం, మరోదానిలో 13. నేటి ముద్రణ పట్టుకుని చూసేవారికి న్యూమన్ తప్పుగా ఉటంకించినట్టు కనిపిస్తుంది. ఇలా లేని తప్పును పట్టుకుని ఒక అధ్యాయమంతా కట్టేస్తే గైడ్ గారి గదిలో అది పది నిమిషాలు కూడా నిలవదు.

మీఞ్ అనే ఫ్రెంచి ప్రచురణకర్త అచ్చు వేసిన గ్రీకు సభాపితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ రచయితల) సంపుటాలు 1857 నుంచి వచ్చినవి. న్యూమన్ ఏరియన్ల చరిత్ర 1833లోనే వచ్చింది. ఆయన చేతిలో ఉన్నవి పాత ఫోలియోలు, అంటే పెద్ద సైజు పుస్తకాలు. 1831లో స్నేహితులు, శిష్యులు కలిసి ఆయనకు సభాపితరుల పుస్తకాల పెద్ద కట్ట ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఏరియన్లను ఎదిరించిన బిషప్పు అథనాసియస్ రచనలకి బెనెడిక్టీన్ సన్యాసుల 1698 ముద్రణ చూడాలి. ఇలాంటివి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ గ్రంథాలయం బోడ్లియన్‌లో ఎన్నిసార్లయినా తెప్పించుకోవచ్చు. ఒరేటరీలో మీకు దొరికేది ముందే అడిగి తీసుకున్న కొద్ది గంటలే.

బోడ్లియన్ కార్డుకి గుర్తింపు పత్రం, చిరునామా రుజువు, మీ యూనివర్సిటీ నుంచి ఉత్తరం పట్టుకెళ్లండి. లోపల నిప్పు రాజేయనని పాత కాలపు ప్రమాణం చదివిస్తారు, నవ్వకండి. అరుదైన పుస్తకాలు, రాతప్రతులు వెస్టన్ భవనంలో చూడాలి. పెన్సిల్ తప్ప పెన్ను రానివ్వరు. మామూలు పుస్తకాలు చాలావరకు స్విండన్ గోదాములో ఉంటాయి, ముందు రోజే ఆర్డర్ పెట్టకపోతే ఆ రోజు వృథా. బసకి కాలేజీ సెలవుల్లో విద్యార్థుల గదులు అద్దెకిస్తారు, హోటల్ కన్నా అవే నయం. టర్మ్ నడుస్తుంటే మాత్రం దొరకడం కష్టం. కాబట్టి తేదీలు ఖాయం చేసుకునే ముందు టర్మ్ క్యాలెండర్ చూడండి. 1845 అక్టోబరు 9న న్యూమన్ కాథలిక్ సభలో చేరిన లిటిల్‌మోర్ ఊరికి సిటీ బస్సు ఉంది. పరిశోధనకు దానితో పెద్దగా పని లేదు, ఒక సాయంత్రం చాలు.

బర్మింగ్‌హామ్‌కి రైల్లో గంటంబావు. న్యూ స్ట్రీట్ నుంచి ట్రామ్ ఎక్కి ఎడ్జ్‌బాస్టన్ విలేజ్‌లో దిగితే హాగ్లీ రోడ్డు ఒరేటరీకి నడిచిపోవచ్చు. బస కూడా ఆ రోడ్డు మీదే చూసుకోండి. అయితే వెళ్లేలోపు ఇంటి దగ్గర చేయాల్సింది చాలా ఉంది. ఉత్తరాలు, డైరీలు 32 సంపుటాలుగా 1961 నుంచి 2008 దాకా అచ్చయ్యాయి (మొదట వచ్చింది 11వ సంపుటం, వరుస చూసి కంగారు పడకండి). పిట్స్‌బర్గ్‌లోని న్యూమన్ అధ్యయన సంస్థ రాతప్రతుల స్కాన్లను ఆన్‌లైన్‌లో పెట్టింది. పాఠం చదవడానికి అవి సరిపోతాయి. సరిపోనివి కొన్ని ఉంటాయి: మార్జిన్‌లో మసకబారిన పెన్సిల్ గీత, పుటల మధ్య దోపిన చీటీ, కాగితం నీటిగుర్తు, ఉత్తరం అసలుదా తర్వాత తీసిన నకలా అన్న సందేహం. వీటికే జాబితా రాసుకుని వెళ్తే వారం పని రెండు రోజుల్లో తెములుతుంది. ‘కాగితాలు చూడాలి’ అని ఊరికే ఉత్తరం రాస్తే జవాబు ఆలస్యమవుతుంది. ఏ కట్ట, ఏ తేదీ, ఎందుకు అన్నది రెండు నెలల ముందే రాయండి.

ముద్రణల మధ్య తేడా ఇంకో గొయ్యి. క్రైస్తవ సిద్ధాంత వికాసం మీద 1845 పుస్తకాన్ని న్యూమన్ 1878లో తిరగరాసి, అధ్యాయాల వరుసే మార్చేశారు. రాంబ్లర్ వ్యాసంలోని సాక్ష్యాలూ 1871లో ఏరియన్ల చరిత్రకు అనుబంధంగా, సవరణలతో చేరాయి. పాత పాఠం, కొత్త పాఠం పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చూడాల్సిందే. ఏ ఆధారం వదిలేశారు, ఏ మాటను మెత్తబరిచారు అన్నదే మీ థీసిస్‌కి అసలు సరుకు.

సమయం మిగిలితే ఉత్తర వేల్స్‌లోని హావర్డెన్‌కి వెళ్లండి. గ్లాడ్‌స్టన్ గ్రంథాలయంలో చదువు, భోజనం, పడక అన్నీ ఒకే కప్పు కింద. బ్రిటన్ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ సొంత పుస్తకాలు, వాటి మీద ఆయన పెట్టిన గుర్తులు అక్కడున్నాయి. పోపు అధికారం గురించిన వాటికన్ తీర్మానాల మీద 1874లో ఆయన విసిరిన సవాలుకి న్యూమన్ 1875లో నార్ఫోక్ డ్యూక్ పేర రాసిన బహిరంగ లేఖలో జవాబిచ్చారు. ఆ వాదం మీ అధ్యాయంలో లేకపోతే ఇంత దూరం అనవసరం. చెస్టర్‌లో రైలు దిగి బస్సెక్కాలి. గదులు కొన్నే, ముందే అడగాలి.

ఫోటోలకు అనుమతి ఉన్నచోట ప్రతి ఫ్రేములో షెల్ఫ్ నంబరు రాసిన చీటీ పెట్టండి, అది ఫోలియో (రాతప్రతిలోని ఆకు) ముందు వైపా వెనక వైపా రాసుకోండి. ఇంటికొచ్చాక మూడొందల ఫోటోల్లో ఏది దేని వెనకదో ఎవరూ చెప్పలేరు. బ్రిటన్ చట్టం ప్రకారం 1989 ఆగస్టు 1 నాటికి అచ్చుకాని ఇలాంటి పాత రాతలకు 2039 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది. అచ్చుకాని ఉత్తరం నుంచి పేరా ఎత్తి వేయాలనుకుంటే, థీసిస్ పుస్తకంగా వచ్చే రోజు దాకా ఆగకుండా ఆ రీడింగ్ రూమ్‌లోనే అనుమతి ఎవరిని అడగాలో కనుక్కుని రండి.