పండుగ కానుక: వస్తువా, అనుభవమా, విరాళమా? ఏది ఎవరికి మేలు?

పండుగ దగ్గర పడుతున్నకొద్దీ ఇళ్లలో కానుకల ఆలోచన మొదలవుతుంది; అది చాలావరకు ఏం కొనాలన్న ప్రశ్నతోనే ముగిసిపోతుంది. అంతకంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఈ మనిషికి వస్తువు ఇవ్వడం మేలా, ఒక అనుభవాన్ని ఇవ్వడం మేలా, వారి పేరిట విరాళం ఇవ్వడం మేలా, లేక అందరూ ఒక మాట అనుకొని కానుకల సంఖ్యనే తగ్గించుకోవడం మేలా?

ముందుగా అందరికీ అలవాటైన పద్ధతిని, అంటే అడగకుండా కొని, కాగితంలో చుట్టి ఇచ్చే వస్తువును చూద్దాం. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త, తమకు అందిన క్రిస్మస్ కానుకలు తమ దృష్టిలో ఎంత విలువ చేస్తాయని అమెరికాలోని కళాశాల విద్యార్థులను అడిగి, ఇచ్చినవారు పెట్టిన ఖర్చులో సుమారు పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అవుతున్నదని 1993లో లెక్కగట్టాడు. అనుబంధం వల్ల వచ్చే విలువను పక్కన పెట్టి చెప్పమని ఆ విద్యార్థులను ముందే కోరారు కాబట్టి, కానుకలన్నీ దండగ అని దీన్నిబట్టి తీర్మానించడం సరికాదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచే విషయం, ఆ నష్టం స్నేహితులు ఇచ్చిన కానుకల్లో తక్కువగానూ, ఇంటికి కొంత ఎడంగా ఉండే బంధువులు ఇచ్చినవాటిలో ఎక్కువగానూ కనిపించడం. ఎదుటివారి రోజువారీ జీవితం మనకు ఎంత తక్కువగా తెలిస్తే, అడగకుండా కొనడం అంత ప్రమాదమన్నమాట.

మరి అడిగి ఇవ్వడం మేలా? చాలామందికి ఇది వెలితిగా అనిపిస్తుంది. "అడిగి ఇస్తే అందులో నా ఆలోచన ఏముంది?" అన్న సంకోచం దగ్గరివారిలోనే ఎక్కువ. కోరికల జాబితా చేతిలో ఉన్నా, తమ సాన్నిహిత్యాన్ని చూపుకోవాలన్న తపనతో దాన్ని దాటి వేరే వస్తువు కొనేది ఎక్కువగా సన్నిహిత స్నేహితులేనని 2016లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అదే ఏడాది మరో పరిశోధన బృందం దీని వెనక ఉన్న కారణాన్ని విడమరచింది. ఇచ్చేవారి మనసంతా పొట్లం విప్పే క్షణం మీద ఉంటుంది. పుచ్చుకునేవారు ఆ వస్తువుతో తర్వాత గడపబోయే కాలాన్ని దృష్టిలో పెట్టుకుంటారు. నేను పుచ్చుకునేవారి పక్షాన ఉంటాను. ముఖంలో కనిపించే ఆశ్చర్యం కాసేపే, ఆ వస్తువు మాత్రం ఏళ్లతరబడి వారి ఇంట్లోనే ఉంటుంది. అందువల్ల పెద్దవారి విషయంలో అడిగి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. పసిపిల్లలకు మాత్రం ఆ విప్పే క్షణమే సగం కానుక కాబట్టి వారికి ఈ నియమం వర్తించదు.

ధర గురించి ఒక్క మాట. ఖరీదు పెరిగితే మెప్పు పెరుగుతుందని ఇచ్చేవారు అనుకుంటారు గానీ, పుచ్చుకునేవారి సంతోషానికి ధరతో అంత సంబంధం కనిపించలేదని 2009 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. చేతిలో డబ్బుకు కటకటగా ఉన్న ఏడాది అప్పు చేసి మరీ కొనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

వస్తువుకు బదులు అనుభవం ఇవ్వడం, అంటే కచేరీ టికెట్టో, ఏదైనా కళలో కొన్నాళ్ల శిక్షణో, ఒక చిన్న ప్రయాణమో కానుకగా ఇవ్వడం రెండో మార్గం. ఇలాంటి కానుకలు, ఇద్దరూ కలిసి వాటిని ఆస్వాదించకపోయినా సరే, వస్తువుల కంటే ఎక్కువగా బంధాన్ని దగ్గర చేస్తాయని 2017లో సిండీ చాన్, కాసీ మోగిల్నర్ అనే పరిశోధకులు చూపించారు. ఇల్లు ఇప్పటికే సామానుతో నిండిపోయిన పెద్దవారికి ఇంతకంటే తగిన కానుక నాకు తోచదు. అయితే అనుభవం పుచ్చుకునేవారి సమయాన్ని కోరుతుంది. వారి ఆరోగ్యం, ఉద్యోగం, ఇంటి బాధ్యతలు కుదరకపోతే అది ఒక భారంగా మారుతుంది. "ఎప్పుడైనా ఒకరోజు పిల్లలను చూసుకుంటాను" వంటి మాటకూ ఇదే చిక్కు ఉంది. అది మనస్ఫూర్తిగా అన్న మాటే అయినా, అడగడానికి మొహమాటపడి అవతలివారు దాన్ని వాడుకోరు. తేదీ, వేళ నిర్ణయించి, రాకపోకల ఏర్పాటు కూడా తామే చూసుకొని ఇచ్చినప్పుడే అది నిజంగా కానుక అవుతుంది.

గిఫ్ట్ కార్డు ఈ రెండింటికీ మధ్యస్థం. గడువు తేదీ చూసి కొనాలి. ఏ దుకాణమైనా సరే అనుకుంటే నగదే నయం.

విరాళం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పైకి చూస్తే ఇంతకంటే ఉదాత్తమైన కానుక లేదు, కానీ తనకు రావలసిన కానుకను వదులుకుంటున్నది పుచ్చుకునే వ్యక్తి, ఏ పనికి ఇవ్వాలో నిర్ణయించింది మాత్రం ఇచ్చిన వ్యక్తి. ఇది న్యాయంగా ఉండాలంటే ఆ పని పుచ్చుకునేవారి మనసుకు ముందునుంచీ దగ్గరైనదై ఉండాలి, సంస్థను వారినే ఎంచుకోనివ్వాలి. ఒక పేద కుటుంబానికి మేకను ఇచ్చినట్టు బొమ్మతో కార్డు పంపే సంస్థల్లో చాలావరకు, ఆ డబ్బును అవసరాన్నిబట్టి ఇతర పనులకూ వాడుతామని నిబంధనల్లో రాస్తాయి. అందులో తప్పేమీ లేదు, కాకపోతే చదివి ఇవ్వడం మంచిది. తనకంటూ కానుకే వద్దని పదేపదే చెప్పే మనిషికి విరాళం చక్కగా అమరుతుంది; ఇల్లు గడవడమే కష్టంగా ఉన్నవారికి అది ఎంతమాత్రం తగదు.

చివరిది, పెద్ద కుటుంబాలకు నేను గట్టిగా చెప్పేది, అందరి పేర్లూ రాసి చీటీలు తీయడం. పదిమంది ఒకరికొకరు కానుకలు ఇచ్చుకుంటే మొత్తం 90 కొనాలి. ఒక్కొక్కరు ఒక్క పేరు తీసుకుంటే 10 చాలు. అప్పుడు ఒక్క మనిషి గురించే ఆలోచించాలి కాబట్టి ఆ ఆలోచనకు సమయం దొరుకుతుంది. ఎవరికీ తమ పేరే రాకుండా ఉండే అవకాశం సుమారు 37 శాతమే కనుక, మళ్లీ తీయవలసి రావచ్చని ముందే అనుకోవాలి. ఖర్చుకు పరిమితి అందరికీ ఒకటే ఉండాలి, అది ఆ కుటుంబంలో తక్కువ సంపాదన ఉన్నవారికి సుఖంగా అందేంతగా ఉండాలి. ఈ మార్పును పండుగకు కనీసం రెండు నెలల ముందే ప్రస్తావించాలి, ఎందుకంటే ఆలస్యమైతే, అప్పటికే కొని దాచుకున్నవారికి ఆ మాట తమను తిరస్కరించినట్టుగా వినిపిస్తుంది.