కర్నూలులో రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ కొంటున్నారా? ప్రొఫైల్ డిస్కుల సంగతి ముందే తేల్చుకోండి

ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాలల్లో బ్రాంచీలు పెట్టుకుని, కర్నూలు ఆఫీసులోని ఒకే సర్వర్ మీద అందరి చేత ట్యాలీ నడిపించాలనుకునే వ్యాపారులకు ఈ హెచ్చరిక. డీలర్ ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి గంటసేపు చెబుతాడు. ఉద్యోగుల ప్రొఫైళ్లు, అంటే ఒక్కొక్కరి డెస్క్‌టాప్, ఫైళ్లు, సెట్టింగులు, ఏ డిస్కులో ఉంటాయో, ఒక్కొక్కరికి ఎంత జాగా ఇస్తున్నాడో మాత్రం చెప్పడు. అడిగితే "అదంతా మేం చూసుకుంటాం సార్" అంటాడు. మాకూ అదే మాట చెప్పారు.

మాది పత్తి వ్యాపారం, సర్వర్‌లో పనిచేసేవారు 30 మంది. వాళ్ల కోసం యూజర్ ప్రొఫైల్ డిస్కులు పెట్టారు. విండోస్ సర్వర్ 2012తో వచ్చిన పద్ధతి ఇది: ఒక్కొక్కరికి ఒక వీహెచ్‌డీఎక్స్ ఫైలు (ప్రొఫైలంతా దాచే వర్చువల్ డిస్కు) ఉంటుంది, లాగిన్ కాగానే అది సెషన్‌కు జతపడుతుంది. పద్ధతిని తప్పుపట్టను. కానీ గరిష్ఠ పరిమితి మామూలుగా 20 జీబీ ఉంటుంది, దాన్ని అలాగే వదిలేశారు. 30 మందికి 600 జీబీ అవుతుంది. మాకు అమ్మిన డిస్కు 480 జీబీ! వాడకాన్ని బట్టి పెరిగే ఫైళ్లు కాబట్టి డీలర్ డబ్బు పుచ్చుకునే నాటికి అంతా బాగానే కనిపిస్తుంది.

సరిగ్గా పత్తి సీజన్‌లో డిస్కు నిండింది. ఆదోని గుమాస్తా లాగిన్ అయితే డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ తప్ప ఏమీ లేదు. తాత్కాలిక ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారని ఒక సందేశం మూలన మెరిసి మాయమైంది. ఆయన ఆ రోజు తూకాల పట్టికంతా డెస్క్‌టాప్ మీదే దాచి, సాయంత్రం లాగాఫ్ చేశారు. తాత్కాలిక ప్రొఫైల్‌లో దాచినవి లాగాఫ్‌తోనే చెరిగిపోతాయి. లారీలవారీగా చీటీలు వెతికి పట్టికను మళ్లీ రాయాల్సి వచ్చింది.

డీలర్‌కు ఫోను చేస్తే, అక్కరలేని ఫైళ్లు తీసేయమన్నాడు. బ్రౌజర్ చెత్త, పాత పీడీఎఫ్‌లు అన్నీ తీసేశాం. డిస్కులో ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదు. లోపల ఎంత తీసేసినా వీహెచ్‌డీఎక్స్ తనంతట తాను కుంచించుకోదు. ఉద్యోగి లాగాఫ్ అయ్యాక విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే పనిముట్టుతో ఆ ఫైలును కాంపాక్ట్ చేయాలి, అంటే కుదించాలి. డబ్బు ఖర్చులేని ఈ పని చెప్పకుండా మాకు రెండో డిస్కు అంటగట్టాడు. ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైలు పేర్లలో మనుషుల పేర్లుండవు, యూవీహెచ్‌డీ తర్వాత పొడవాటి అంకెలే. ఏ ఫైలు ఎవరిదో పట్టిక రాసివ్వమని అడిగి తీసుకోండి.

అసలు దోపిడీ ఆ తర్వాతే. ప్రొఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ వారి మరో పద్ధతి ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌కు మారితే బాధ తీరుతుందంటూ మనిషికి ఇంత చొప్పున ఏటా లైసెన్సు రుసుము కొటేషన్‌లో వేశాడు. ఎఫ్‌ఎస్‌లాజిక్స్ మంచిదే, కొత్త వెర్షన్లలో లాగాఫ్ సమయంలో డిస్కును కుదించే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఆర్‌డీఎస్ క్యాల్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ వాడేందుకు కొనే లైసెన్సు) ఉన్నవారు దానికి విడిగా లైసెన్సు కొనక్కర్లేదు. అమర్చినందుకు కూలి అడిగితే న్యాయం, లైసెన్సు పేరుతో అడిగితే ఇవ్వకండి.

ఆ మాట మీదే మా క్యాల్ కొన్న బిల్లు చూపమన్నాను. క్యాల్ లేకుండా సర్వర్ నడిచేది 120 రోజుల గడువు వరకే, కాబట్టి మీరూ ఈ బిల్లు చేతికి వచ్చాకే చివరి వాయిదా ఇవ్వండి. మా డీలర్ రెండో డిస్కు బాకీ కోసం రోజూ ఫోను చేస్తున్నాడు, క్యాల్ బిల్లు మాటెత్తితే మాత్రం పెట్టేస్తున్నాడు.